ఫ్లెక్సీ చూసి ఎవరొస్తారు?

ప్రశ్న: మాది కావలిలో 40 పడకల ఆసుపత్రి. మేనేజ్‌మెంట్ చూసేది నేనే. ఏడాదిలో తొమ్మిది మంది సిస్టర్లు మానేసి నెల్లూరుకో చెన్నైకో వెళ్లిపోయారు. 'ఎంప్లాయర్ బ్రాండింగ్' (ఇక్కడ ఉద్యోగం బాగుంటుందన్న పేరు తెచ్చుకోవడం) చేయమని ఒకాయన చెబితే ఫేస్‌బుక్ పేజీ పెట్టాం. 'మనమంతా ఒకే కుటుంబం' అని ఫ్లెక్సీలు కట్టాం. మే 12న నర్సుల దినోత్సవానికి కేక్ కోయించాం. ఐనా కొత్తవాళ్లు రావడం లేదు. జీతం 13 వేలు ఇస్తున్నాం. ఇంకేం చేయాలి?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: బాబూ, ఆ కేక్ కోసిన రాత్రి డ్యూటీలో ఎంతమంది సిస్టర్లున్నారో చెప్పగలరా?

కొత్తగా చేరిన పిల్లకి వారం తిరక్కుండానే హాస్టల్ నుంచి జూనియర్ ఫోన్ చేస్తుంది, "ఎట్టుందక్కా అక్కడ?" అని. ఈ పిల్ల ఏం చెబుతుందో దాన్నిబట్టే మీకు మనుషులొస్తారు. 1996లో 'ఎంప్లాయర్ బ్రాండ్' అన్న మాటను ప్రచారంలోకి తెచ్చిన బ్రిటన్ మేనేజ్‌మెంట్ నిపుణులు సైమన్ బారో, టిమ్ ఆంబ్లర్ కూడా ఉద్యోగం వల్ల మనిషికి ఏం దక్కుతుందన్నదే రాశారు.

నేను నర్సింగ్ సూపరింటెండెంట్‌గా రిటైరైనదాన్ని. కొత్తలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేశాను, పేరెందుకులెండి. ముందు హాలంతా గ్రానైటే. మాకు బట్టలు మార్చుకోడానికి మెట్ల కింద గది. గదిలో సగానికి ఖాళీ సెలైన్ అట్టపెట్టెలే. తలుపుకి గడియ లేదు, ఒకరు చీర మార్చుకుంటుంటే ఇంకొకరు తలుపుకి వీపు ఆనించి నిలబడాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలో. అన్న పెళ్లికి రెండు రోజులు సెలవడిగితే "పోతే మళ్లీ రాబాక" అన్నారు. పోయాను, మళ్లీ రాలేదు. సర్టిఫికెట్ల కోసం నాలుగు నెలలు తిప్పించుకున్నారు. నేను ఊరుకుంటానా, మా కాలేజీలో తర్వాతి బ్యాచ్‌లన్నిటికీ చెప్పాను.

కాబట్టి మీ బీరువాలో ఒరిజినల్స్ ఉంటే ఇవాళే తిరిగిచ్చేయండి.

జీతం సంగతి. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ఆసుపత్రిలోనైనా నర్సుకి నెలకి 20 వేలకి తగ్గకూడదని సిఫారసు చేసింది. మీ 13 వేలకి ఎంత దూరమో లెక్కేసుకోండి. ఒక్కసారే పెంచలేకపోతే ఎప్పుడెంత పెంచుతారో కాగితం మీద రాసివ్వండి.

డ్యూటీ చార్ట్ నెలాఖరుకే గోడమీద పెట్టి, మధ్యలో కొట్టేసి మార్చకండి. పొద్దున ఎనిమిదికి దిగాల్సిన నైట్ సిస్టర్‌ని హ్యాండోవర్ (తర్వాతి డ్యూటీవాళ్లకి పేషెంట్ల సంగతులు అప్పజెప్పడం) పేరుతో తొమ్మిదిన్నర దాకా నిలబెట్టకండి. బిట్రగుంట వైపు నుంచి వచ్చే పిల్లకి ఆ గంటన్నరలో బస్సు పోతుంది, నిద్రా పోతుంది.

అమెరికాలోనూ నర్సులు దొరక్క అవస్థపడ్డారు. 1983లో అమెరికన్ అకాడమీ ఆఫ్ నర్సింగ్, అంత కొరతలోనూ నర్సులు నిలిచిన 41 ఆసుపత్రుల్ని పరిశీలించింది. వాటికే 'మ్యాగ్నెట్' అని పేరొచ్చింది. అక్కడ సరిపడా మనుషులున్నారు, వార్డు నిర్ణయాల్లో నర్సు మాట చెల్లింది. మీ దగ్గర డాక్టరుగారు పేషెంట్ ముందే సిస్టర్‌ని కసిరితే ఎవరైనా అడుగుతారా?

ముందొక పని చేయండి. మానేసిన తొమ్మిది మందిలో ఇద్దరికి మీరే ఫోన్ చేసి, "ఎందుకు పోయావమ్మా?" అని అడగండి. వెనక్కి రమ్మని మాత్రం బతిమాలొద్దు. ఆ ఫోన్ మీ ఇన్‌చార్జ్ సిస్టర్ పక్కనుండగా చేయకండి.