కంట్లో కండ: నొప్పి లేదని ఊరుకుంటే నాకేమైందంటే

"కంట్లో ముక్కు వైపు నుంచి కండ పెరుగుతోంది, నొప్పి లేదు, చూపు పోతుందా, ఆపరేషన్ అవసరమా?" అని అడిగారు. నొప్పి లేదు కదా అనే నేనూ ఎనిమిదేళ్లు ఊరుకున్నాను.

మాది దేవరకొండ దగ్గర పల్లె, బత్తాయి తోట. చిన్నప్పుడే ముల్లు గుచ్చుకుని కుడి కన్ను పువ్వేసింది. ఉన్నదల్లా ఎడమ కన్నే, కండ వచ్చింది కూడా దానికే. ఎప్పుడూ ఎర్రగా ఉండేది. "పొద్దుగాల్నే ఏసినవా మామా?" అని నవ్వేవాళ్లు. కల్లు కూడా ముట్టని మనిషిని నేను.

పక్క ఊళ్లో నాలుకతో నలకలు తీసే అవ్వ దగ్గరికి పోతే రెప్ప ఎత్తి చూసి, "ఇది నలక కాదు బిడ్డా, కండ. నా నాలుకకు రాదు" అని పంపించేసింది. మెడికల్ షాపులో మాత్రం అడగ్గానే చుక్కల మందు చేతిలో పెట్టారు. రెండు రోజుల్లో ఎరుపు పోయేది, మానేస్తే మళ్లీ వచ్చేది. అది స్టెరాయిడ్ అని, ఇష్టమొచ్చినట్టు వాడితే కంట్లో ప్రెషర్ పెరిగి గ్లాకోమాతో చూపే పోవచ్చని తర్వాత తిట్లు తింటే గానీ తెలియలేదు. 2018 ఆగస్టు 15న ఊరూరా ఉచితంగా కళ్లు పరీక్షించే సర్కారు పథకం కంటి వెలుగు మొదలైంది కదా, తర్వాత మా ఊళ్లోనూ శిబిరం పెట్టి, కండ సంగతి చెప్పి పెద్ద డాక్టరుకు చూపించుకోమన్నారు. కాయ కోత ఉందని నేనే పోలేదు.

ఒకరోజు తోటలో కాంటా వేస్తున్నాం. ఎర్ర అంకెలు చూసి "183" అని చదివాను. వ్యాపారి చప్పుడు చేయకుండా 183 అనే రాసుకున్నాడు. మా పిల్లగాడు, "నాయినా, అది 188" అన్నాడు. అసలే టన్నుకింత అని తరుగు కింద కోస్తారు, పైన నా కన్ను కూడా వాళ్ల తరఫునే పని చేస్తోంది! అంతకుముందు ఎన్ని ట్రిప్పులు అలా చదివానో అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

హైదరాబాద్ పోతే అసలు విషయం తెలిసింది. కండ నల్లగుడ్డును మూసేదాకా చూపుకేమీ కాదనుకున్నాను. కాదట. నులక మంచాన్ని ఒక పక్కే బిగించినట్టు, కండ నల్లగుడ్డును ఒక వైపు గుంజి దాని ఆకారం మారుస్తుంది. అందుకే సిలిండర్ పవర్ (నల్లగుడ్డు వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోతే అద్దాల్లో రాసే పవర్) వస్తుంది, అంకెలకు నీడలు పడతాయి. రెండేళ్లలో మూడుసార్లు అద్దాలు మార్చి, పవర్ తప్పు రాశారని షాపులో గొడవ కూడా పెట్టుకున్నాను. పాపం, వాళ్ల తప్పు లేదు.

కన్ను మొద్దుబారడానికి ఇంజెక్షన్ చేసి కండ తీశారు. పై రెప్ప కింద నుంచి పల్చని పొర తెచ్చి, ఖాళీ అయిన చోట జిగురుతో అంటించారు. ఊరికే కోసి వదిలేస్తే మళ్లీ పెరిగేది ఎక్కువట. ఎడమ కంటికి కట్టు కట్టాక మిగిలింది పువ్వేసిన కన్నే. ఆ ఒక్కరోజు బాత్రూముకు కూడా పిల్లగాడి చెయ్యి పట్టుకునే పోయాను. కట్టు విప్పిన తర్వాత కూడా కంట్లో ఇసుక పోసినట్టే ఉండింది, వారం పైనే పట్టింది తగ్గడానికి. సిలిండర్ మొత్తం పోలేదు, బాగా తగ్గింది.

కాబట్టి నొప్పి సంగతి పక్కన పెట్టండి. కండ నల్లగుడ్డు మీదికి ఎక్కిందా, అద్దాల పవర్ మారుతోందా, ఈ రెండూ చూపించుకోండి. ఇది క్యాన్సర్ గడ్డ కాదనే నాకు చెప్పారు, మీది ఏమిటో మాత్రం డాక్టరే చూసి చెప్పాలి.

ఎండ, దుమ్ము, గాలి, ఇవే దీనికి మూలం, అందులో ఎండే ముఖ్యం. మన దగ్గర ఏప్రిల్ ఎండలో తలకు తువ్వాల చుడతారు గానీ కళ్లకు అద్దాలు పెడితే "హీరో వచ్చిండు" అంటారు. అననీయండి. నేను ట్రాక్టర్ మీదా పెట్టుకుంటున్నా. మళ్లీ పెరగొచ్చన్నారని రెండు నెలలకోసారి పిల్లగాడితో కన్ను ఫోటో తీయించి, పాత ఫోటో పక్కన పెట్టి చూసుకుంటున్నా. కాంటా మాత్రం ఇప్పుడు వాడే చదువుతున్నాడు.