పెద్ద నిర్ణయాలు తీసుకునేటప్పుడు మేనేజర్లు నిజంగా భవిష్యత్తు గురించి ఆలోచిస్తారా?

ఆలోచిస్తారు. కాకపోతే వాళ్లు భవిష్యత్తు అనుకునేది చాలావరకు పోయినేడు జరిగిందే. ఇరవై ఏళ్లు ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి, నన్ను కూడా కలుపుకునే చెబుతున్నా.

2009లో కర్నూలులో ఒక బోరు మోటార్ల డీలర్ దగ్గర మేనేజర్‌ని. ఆ ఏడు వానలు సరిగా లేవు. కరువొస్తే మాకు గిరాకీ. వినడానికి బాగుండదు గానీ సీమలో అంతే. నీళ్లు లోతుకు పోయేకొద్దీ రైతు అప్పు చేసైనా ఇంకో బోరు వేస్తాడు. ఆగస్టులో పాత అమ్మకాలు ఎక్సెల్‌లో పెట్టి, గీతను అలాగే పైకి లాగి, రెండింతల సరుకు తెప్పించాం. పెట్టడానికి చోటు చాలక పాతబస్తీలో హంద్రీ నది వైపు ఒక గోడౌన్ తీసుకున్నాం. బాడుగ సగమే. చూసింది నేనే. ఇన్సూరెన్స్‌లో వరద తీసేయిస్తే ప్రీమియం తగ్గుతుందన్నదీ నేనే. కరువు సీమలో వరదేంది అన్నా, అందరూ నవ్వారు.

అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్లోకి వచ్చాయి. శ్రీశైలంలో పూర్తి మట్టం 885 అడుగులైతే నీళ్లు 896 దాటాయి. నాలుగో రోజు షట్టర్ ఎత్తితే మోకాలి లోతు బురద. నీళ్లలో ఉండే మోటార్లే కదా, మీకేం పోయిందని పక్క షాపాయన అన్నాడు. నిజమే, మోటార్లు కడిగి సగం ధరకు అమ్ముకున్నాం. స్టార్టర్లు, ప్యానెల్ బోర్డులు మాత్రం తూకానికి పోయాయి.

1973లో చమురు ధరలు ఎగబాకకముందే షెల్ అనే చమురు కంపెనీవాళ్లు 'ఇలా అయితే ఏంటి, అలా అయితే ఏంటి' అని రకరకాల కథలు రాసుకున్నారని ఎంబీఏలో చెబుతారు. మా దగ్గర ఉన్నది ఒకటే కథ, కరువు. ఇప్పుడు హైదరాబాద్ నుంచి సూటు వేసుకొచ్చే కన్సల్టెంట్లదీ అదే గీత, రంగులు ఎక్కువ. స్లైడు మీద 'విజన్' అని రాస్తే చాలు, ఫీజు లక్షల్లో.

సరే, వరద తర్వాత బుద్ధి వచ్చిందా అంటే, ఇంకో రకంగా వచ్చింది. ఊరి బయట హైవే పక్కన ఎత్తులో, రెండింతల బాడుగకు గోడౌన్ తీసుకున్నాం. మళ్లీ అంత వరద రాలేదు. ఈలోగా ఓర్వకల్లు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు లేచింది, రైతులు సోలార్ పంపుసెట్ల గురించి అడగడం మొదలుపెట్టారు. డీలర్‌షిప్ తీసుకుందాం సార్, ముందుగా మనమే ఉంటాం అని మా ఓనరుకు కాగితాలు చూపించా. ఆయన అన్నీ ఓపిగ్గా చూసి, కళ్లద్దాలు తీసి అడిగాడు: "ఈ ప్యానెళ్లు పెట్టే చోటికి నీళ్లు రావు గదా?"