ఆ నిమిషానికి ఎవరికేం తెలుసు

విజయనగరం

అమ్మీ,

నీ కవరు అందింది. సినిమా మీద రాసిన వ్యాసమూ, నవల మొదటి అధ్యాయమూ రెండూ చదివాను. వ్యాసం ముందు చదివి అధ్యాయం తర్వాత తీయడమే మంచిదైంది. అందులో ఉన్న జబ్బే ఇందులోనూ ఉంది. వ్యాసంలో అది పైకి కనిపిస్తోంది, అధ్యాయంలో లోపల దాక్కుంది.

ముందు వ్యాసం సంగతి. 1976లో వచ్చిన ‘మిడ్‌వే’ గురించి రాస్తూ సగానికి పైగా తారల పేర్లతోనే నింపేశావు. చార్ల్‌టన్ హెస్టన్, హెన్రీ ఫోండా, గ్లెన్ ఫోర్డ్, జేమ్స్ కోబర్న్, జపాను వైపు తొషిరో మిఫూనే... శుభలేఖలో బంధుమిత్రుల పేర్లు అచ్చేసినట్టుంది. చివర ‘ఇంతమంది ఉన్నా సినిమా ఆకట్టుకోలేదు’ అని కొట్టిపారేశావు. ఎక్కడ ఆకట్టుకోలేదు, ఎక్కడ ఆకట్టుకుంది అన్నది చూడలేదు. చూసుంటే నీ నవలకు కావలసింది అక్కడే దొరికేది.

నన్నడిగితే అందులో రెండు సినిమాలున్నాయి. ఒకటి హెస్టన్‌ది. అతని పాత్ర కల్పితం, కొడుకు కల్పితం, కొడుకు మనసుపడ్డ జపాను సంతతి అమ్మాయీ కల్పితమే. ఆ గొడవ వచ్చినప్పుడల్లా కథ కుంటుతుంది. దాని గురించి ఇంతకంటే చెప్పను.

రెండోది అసలు యుద్ధం. పెద్ద నటుణ్ణి ఎలా వాడాలో అందులో ఒకచోట చూపించారు. రాబర్ట్ మిచమ్ అడ్మిరల్ హాల్సీ వేషం వేశాడు. విమానవాహక నౌకలతో పోరు అంటే అమెరికా వాళ్ళంతా హాల్సీ వైపే చూసేవారు. తీరా పోరు ముంచుకొచ్చేసరికి ఆయన ఒళ్ళంతా దురదతో ఆసుపత్రిలో చేరాడు, తన బదులు స్ప్రూయన్స్ అనే ఇంకో అడ్మిరల్‌ని పంపించమన్నాడు. మిచమ్ అంతటివాడు మంచం మీద పడి ఉంటాడు, అంతే. ‘వీడే కదా నాయకుడు’ అని మనం అనుకునే మొహాన్ని తెచ్చి మంచానికి కట్టేశారు. హవాయిలోని అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్‌లో ఆ రోజు వాళ్ళకు పట్టిన దిగులు మనకీ పడుతుంది. తారను ఇలా వాడితే నాకేం అభ్యంతరం లేదు.

ఇక అసలు సంగతి. పసిఫిక్‌లో అమెరికా చేతిలో ఉన్న మిడ్‌వే దీవి కోసం జరిగిన ఆ యుద్ధం 1942 జూన్ 4న మొదలై 7తో ముగిసింది. జపాను నాలుగు పెద్ద విమానవాహక నౌకల్ని పోగొట్టుకుంది: అకాగి, కాగా, సోర్యూ, హిర్యూ. అమెరికాకి పోయింది యార్క్‌టౌన్ ఒక్కటి. ఈ లెక్క నువ్వు మొదటి పేరాలోనే చెప్పేశావు. లెక్క ముందు చెప్పడం తప్పని కాదు. చెప్పాక ప్రతివాణ్ణీ ఆ లెక్క తెలిసినవాడిలా నడిపించావు, అదీ బాధ. ఆ నాలుగు జపాను నౌకల్ని నడిపిన అడ్మిరల్ నగూమో నీ వ్యాసంలో ‘తెలివితక్కువ నిర్ణయం’ తీసుకున్నాడు. ఆ ఉదయం ఆయన నౌక మీద నిలబడి చూడు, ఆ మాట నోటికి వస్తుందేమో.

తెల్లవారుజామున నాలుగున్నరకి 108 విమానాల్ని దీవి మీదికి పంపాడు. అమెరికా నౌకలు దగ్గర్లో ఉన్నాయని ఆయనకు తెలియదు. పైగా యార్క్‌టౌన్ నెల రోజుల కిందట పగడాల సముద్రంలోనే మునిగిపోయిందని వాళ్ళ నమ్మకం. అది పెర్ల్ హార్బర్‌కి ఈడ్చుకొచ్చుకుని, మూడు రోజుల్లో అతుకులు వేయించుకుని మళ్ళీ సముద్రంలోకి వచ్చిందని ఎవరు చెప్తారు? ఏడు గంటలకి దీవి మీద దాడి చేసిన దళనాయకుడు ‘ఇంకోసారి కొట్టాలి’ అని కబురు పంపాడు. నౌకల కోసమని సిద్ధంగా ఉంచిన టార్పెడోలు దింపి, నేలమీద వేసే బాంబులు ఎక్కించమన్నాడు నగూమో. ఆ పని నడుస్తుండగా ఆలస్యంగా బయలుదేరిన నిఘా విమానం ఒకటి ‘శత్రు నౌకలు కనిపించాయి’ అంది. ఏ నౌకలో చెప్పలేదు. ఆపండి అన్నాడు. ఎనిమిదిన్నర కావస్తుండగా అదే విమానం ‘వాటిలో విమానవాహక నౌక ఉన్నట్టుంది’ అంది. ‘ఉన్నట్టుంది’ అన్న ఆ ముక్క చూశావా! సరిగ్గా అప్పుడే దీవి మీదికి వెళ్ళిన విమానాలు ఇంధనం అయిపోవస్తుంటే తిరిగొచ్చి తలమీద తిరుగుతున్నాయి. వాటిని దిగనివ్వాలా, ఉన్నవాటిని ఉన్నట్టే పంపాలా? హిర్యూ మీదున్న అడ్మిరల్ యమగుచి ‘ఇప్పుడే పంపుదాం’ అన్నాడు. నగూమో దిగనిచ్చాడు. తన మనుషుల్ని సముద్రంలో పడనివ్వని పెద్దమనిషిని తెలివితక్కువవాడని ఎలా అంటాం? సినిమాలో నగూమోగా వేసిన జేమ్స్ షిగెటాకి డైలాగులు తక్కువే, నాకు మాత్రం గుర్తుండిపోయింది ఆయనే.

అవతలివాళ్ళకి మాత్రం అన్నీ తెలిశాయా? పెర్ల్ హార్బర్‌లో ఒక నేలమాళిగలో రోష్‌ఫోర్ట్ అనే ఆయన, ఆయన మనుషులు జపాను సంకేతాల్లో ముక్కలు ముక్కలుగా చదవగలిగారు. ‘ఏఎఫ్’ మీద దాడి అని తెలుస్తోంది, ఆ ఏఎఫ్ ఎక్కడో రూఢి కావడం లేదు. మిడ్‌వేలో మంచినీళ్ళు తయారుచేసే యంత్రం పాడైందని మామూలు భాషలో ఒక అబద్ధపు కబురు పంపించారు. రెండు రోజుల్లో జపాను సంకేతాల్లో ‘ఏఎఫ్‌లో నీళ్ళకి కటకటగా ఉంది’ అని వచ్చింది. కథ రాసేవాళ్ళు ఎంత బుర్ర బద్దలుకొట్టుకున్నా ఇంత అందమైన ఎత్తు కల్పించలేరు. అయినా అమెరికా పసిఫిక్ నౌకాదళానికి పెద్ద అయిన నిమిట్జ్ ఆ ముక్కల్ని నమ్మి మూడు నౌకల్ని పందెంలో పెట్టాల్సి వచ్చింది, చేతిలో ఉన్నది ఊహే.

విమానాలు నడిపినవాళ్ళకైతే అదీ లేదు. హార్నెట్ నుంచి వెళ్ళిన టార్పెడో దళంలో పదిహేను విమానాలు, ముప్పై మంది. అన్నీ కూలాయి, మిగిలింది ఒక్కడు. ఇంకో నౌక ఎంటర్‌ప్రైజ్ నుంచి బాంబర్లను నడిపించిన మెక్లస్కీ, తనకు చెప్పిన చోటికి వెళ్తే అక్కడ ఖాళీ సముద్రం. ఇంధనం తగ్గిపోతున్నా వెనక్కి తిరగలేదు. తన దళానికి వెనకపడి, దాన్ని అందుకోవాలని పరుగెడుతున్న డిస్ట్రాయర్ అనే చిన్న జపాను యుద్ధనౌక ఒకటి కనిపిస్తే, అది వెళ్ళే దిక్కునే పోయాడు. పదింబావు దాటాక కొన్ని నిమిషాల్లోనే అకాగి, కాగా, సోర్యూ మూడూ మంటల్లో ఉన్నాయి. మిగిలిన హిర్యూ యార్క్‌టౌన్‌ని కొట్టింది. వాళ్ళు మంటలార్పి మళ్ళీ నడిపించేసరికి, రెండోసారి వచ్చిన జపాను విమానాలు దాన్ని వేరే నౌక అనుకున్నాయి. సాయంత్రానికి హిర్యూ కూడా అంటుకుంది.

ఇదంతా నీకు తెలియదని చెప్పడం లేదు, నీ వ్యాసంలో సగం ఉంది. నీకు తెలిసింది కాసేపు పక్కనపెట్టి, ఆ నిమిషానికి వాడికేం తెలుసో అది రాయి. తెలియనిదాన్ని వాడు ఏమని ఊహించుకున్నాడో అదీ రాయి. యుద్ధం రాయడానికి నాకు తెలిసిన పద్ధతి ఇదొక్కటే.

ఇప్పుడు నీ అధ్యాయం. 1942 ఏప్రిల్ 6, బారువ తీరం, విశాఖపట్నం మీద జపాను బాంబులు. ఎంచుకోవడం చాలా బాగా ఎంచుకున్నావు. మన తీరాన్ని ఆ యుద్ధం తాకిన రోజు మీద నవలకు బోలెడు చోటుంది. కానీ నీ బామ్మ పాత్ర ‘శ్రీకాకుళం జిల్లా అంతా వణికిపోయింది’ అంటుంది. అప్పటికి శ్రీకాకుళం జిల్లా ఎక్కడిదమ్మీ? 1936లో ఒరిస్సా విడిపోయాక గంజాంలో మిగిలిన మన తాలూకాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. శ్రీకాకుళం 1950లో జిల్లా అయింది, మా విజయనగరమైతే 1979లో. ఇంకొకటి, ఊళ్ళో జనం బాంబుల మోత విని బయటికి పరుగెత్తారని రాశావు. బారువెక్కడ, విశాఖ రేవెక్కడ? రెండు వందల కిలోమీటర్ల దూరం నుంచి ఏ మోత వినిపిస్తుంది?

ఆ సినిమాలోనూ ఇలాంటిది ఒకటుంది. ఖర్చు కలిసొస్తుందని పాత సినిమాల్లోవీ, యుద్ధకాలం నాటివీ దృశ్యాలు తెచ్చి అతికించారు. చివర్లో హెస్టన్ విమానం నౌక మీద దిగబోయి ముక్కలై మండిపోతుంది చూడు, తెరమీద ఆ క్షణంలో కనిపించేది జెట్ విమానం. 1951లో జరిగిన ప్రమాదం తాలూకు చిత్రం అది. తమాషా ఏమిటంటే అది జరిగిన నౌక పేరూ మిడ్‌వేయే. సెన్సరౌండ్ అని హాల్లో పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టి కుర్చీలు అదరగొట్టారు కాబట్టి చాలామంది పట్టించుకుని ఉండరు. నీ పుస్తకానికి స్పీకర్లు ఉండవు.

మోత తీసేస్తే ఏం మిగులుతుందని భయపడకు. అసలు కథ అక్కడే మొదలవుతుంది. బారువలో ఆ రోజు ఎవరికేం తెలుసు? వేటకెళ్ళిన తెప్పలవాళ్ళు దూరాన పొగ చూశారనుకో, అది ఏ నౌకదో వాళ్ళకేం తెలుసు? ఆ వారంలో బంగాళాఖాతంలో జపాను దళం ఇరవైకి పైగా సరుకు నౌకల్ని ముంచింది, పొగకి కరువు లేదు. తర్వాత రైళ్ళలో జనం రావడం మొదలవుతుంది. సోంపేటలో దిగినవాడు ఒకటి చెప్తాడు, పలాసలో దిగినవాడు ఇంకొకటి చెప్తాడు. ‘జపానోడు వొచ్చేస్తన్నాడట’ అని ఒకడు, ‘వొచ్చేసినాడట’ అని ఇంకొకడు. ఈ రెండు మాటల మధ్య ఊరేం చేసిందో రాయి. బియ్యం ఎక్కడ దాచారు, వలలు తీశారా లేదా, ఆడపిల్లల్ని ఏ చుట్టాలింటికి పంపారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునే విశాఖ నుంచి గుంటూరుకి ఎత్తుకుపోయిన రోజులవి. చదువుకున్నవాళ్ళ కంగారు అంత ఉంటే నీ బామ్మ కంగారు ఎంతో లెక్క వేసుకో.

ఇక అధ్యాయం ఆఖరి పేరా. ‘మన మీద బాంబులు వేసినవాళ్ళు రెండు నెలలకే మిడ్‌వేలో ఫలితం అనుభవించారు’ అని ముగించావు. చప్పట్లు పడే వాక్యమే, తీసెయ్యి. ముందు, జరిగినదాని ప్రకారమే అది సరిగ్గా లేదు. విశాఖ మీదికి విమానాల్ని పంపిన ర్యూజో అనే విమానవాహక నౌక మిడ్‌వేకి రాలేదు, ఆ రోజుల్లో ఉత్తరాన అల్యూషన్ దీవుల మీద దాడిలో ఉంది. మిడ్‌వేలో మునిగిన నాలుగింటిలో అకాగి, సోర్యూ, హిర్యూ ఏప్రిల్‌లో కొలంబో, ట్రింకోమలి మీద దాడి చేశాయి. కాగా ఆ దాడికి రానే లేదు. మన సముద్రంలో సరుకు నౌకల్ని ముంచిన దళంలో ఉన్న మికుమా అనే క్రూజర్ యుద్ధనౌక మాత్రం మిడ్‌వేలో పోయింది. కావాలంటే ఈ చిక్కుముడి నవల చివర ఎక్కడో వాడుకో, పాత్రల నోట పెట్టకు.

అంతకన్నా ముఖ్యం, జూన్‌లో బారువలో ఎవరికి తెలుసు? జపాను ప్రభుత్వం తన ప్రజలకే ఓటమి చెప్పలేదు. గెలిచామని ప్రకటించి, గాయపడి తిరిగొచ్చిన నావికుల్ని ఎవరి కంటా పడకుండా ఆసుపత్రుల్లో విడిగా ఉంచింది. టోక్యోలో కన్నతల్లికే తెలియని కబురు నీ బామ్మ పాత్రకెలా తెలుస్తుంది? ఆమెకు ఆ జూన్ అంతా జపానోడు ఇవాళో రేపో వచ్చేవాడే. సముద్రం కేసి చూస్తూనే చేపలు ఎండబెట్టి ఉంటుంది. పాఠకుడికి తెలుసు, ఆమెకు తెలియదు. ఆ ఎడం నీకు దొరికిన పెద్ద ఆస్తి, దాన్ని ఒక్క వాక్యం కోసం ఖర్చుపెట్టేసుకుంటున్నావు.

శ్రీకాకుళం వెళ్ళినప్పుడు తెలుగు కథల గ్రంథాలయం కథానిలయంలో ఒక రోజు కూర్చో. నలభైల్లోని పత్రికలు ఏమేం ఉన్నాయో అడుగు. కథలొక్కటే చదివి లేచిపోకు, ప్రకటనలూ, సంపాదకుల మాటలూ, ధరలూ చూడు. మీ ఊళ్ళో ఇంకా ఆ రోజులు గుర్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ‘భయపడ్డారా?’ అని అడక్కు, అందరూ భయపడ్డామనే చెప్తారు. ఆ వారం ఇంట్లో ఏం వండుకున్నారో, వేటకి ఎవరెళ్ళారో అడుగు.

వ్యాసం విషయం నీ ఇష్టం. తారల పేర్లు నాలుగు వరసలకి దించి, నగూమో ఉదయం గురించి రెండు పేజీలు రాస్తే మళ్ళీ చదువుతాను. అధ్యాయం మాత్రం తిరగరాసి పట్టుకురా. సిరిమాను నాడు రావద్దు, మా వీధిలో కాలు పెట్టడానికి చోటుండదు. మర్నాడు పొద్దున్నే రా, భోజనం ఇక్కడే.

ఆశీస్సులతో,
మీ మాస్టారు