రక్తనాళం లోపలి పొరను కొలవబోయే బిడ్డకు

నల్లగొండ

బిడ్డా,

పాలమూరులో పీజీ థీసిస్‌కు ఎండోథీలియం, అంటే రక్తనాళాల లోపలి పొర, తీసుకున్నానని ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నాకు అదే ధ్యాస. ఆపరేషన్‌కు ముందు, తర్వాత రక్తనాళాల లోపలి పొర పనితనం ఎట్ల మారిందో చూస్తానన్నావు. ముప్ఫయ్యేళ్లు మత్తు ఇచ్చినవాణ్ణి, నాకు తెలిసింది రాస్తున్నా.

పరీక్ష చెప్పడానికి సులువే. ముంజేతికి కఫ్ కట్టి, పై బీపీ కంటే 50 పాయింట్లు ఎక్కువ గాలి ఎక్కించి, 5 నిమిషాలకు వదిలేస్తావు. ఒక్కసారిగా ఉరికొచ్చిన రక్తం ఒరిపిడికి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే, నాళాన్ని వదులు చేసే వాయువును వదిలితే, మోచేతి పైనున్న ధమని వెడల్పవుతుంది. అది అల్ట్రాసౌండ్‌లో కొలుస్తావు. కానీ ఆ ధమనే 4 మిల్లీమీటర్లుంటే, 5 శాతం పెరిగిందంటే 0.2 మిల్లీమీటర్లే! ప్రోబ్ కొంచెం జరిగినా అంత తేడా వస్తుంది. అందుకే మొదటి నెల పేషెంట్ల జోలికి పోకు. తోటి పీజీలనే పరగడుపున, టీ, సిగరెట్ లేకుండా పడుకోబెట్టి, ఒకే మనిషిని రెండు రోజులు కొలువు. రెండు లెక్కలూ కలిసినాకే వార్డుకు పో.

చేతి నేర్పు ఎంత ముఖ్యమో అమెరికా శాస్త్రవేత్త ఫర్చ్‌గాట్ కథే చెబుతుంది. కుందేలు ధమని ముక్కలు, నాళాల్ని వదులు చేయాల్సిన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనానికి వదులు కాకుండా బిగుసుకుంటుంటే, ముక్కలు తయారుచేసేటప్పుడు లోపలి పొర గీరుకుపోతోందని తర్వాత తేలింది. 1980లో అచ్చయిన ఆ పనికే 1998 నోబెల్‌లో ఆయనకు భాగం దక్కింది.

ఐసీయూలో బీపీ నిలబెట్టడానికి నాళాల్ని బిగించే మందు నారడ్రినలిన్ నడుస్తున్న మనిషికి ఈ పరీక్ష చేస్తే, నువ్వు చూసేది పొర గుణమా, మందు గుణమా? డోసు రాయకుండా రీడింగ్ రాయొద్దు.

ఇక రాత్రి డ్యూటీలో నీకు మిషన్ దొరకదు, వేలు దొరుకుతుంది. గాజు స్లైడ్‌తో వేలి కొసను తెల్లబడేదాకా నొక్కి, 10 సెకన్లు పట్టి వదులు. ఎరుపు రావడానికి 3 సెకన్లు దాటితే సన్న నాళాల్లో రక్తం సరిగా పారడం లేదని అనుమానించు. ఇన్ఫెక్షన్ ముదిరి బీపీ పడిపోయే సెప్టిక్ షాక్‌లో, రక్తంలో లాక్టేట్ అనే ఆమ్లం కొలతకు బదులు దీన్నే నమ్ముకుని వైద్యం నడిపిన ఆండ్రోమెడా-షాక్ పరిశోధన 2019లో వచ్చింది. మరణాలు కొంత తక్కువ కనిపించాయి గానీ, ఆ తేడా గణాంకాల్లో గట్టిగా నిలబడలేదు. అయినా నాకు ఇష్టమైన పరీక్ష ఇదే. చలికాలంలో మాత్రం ముందు చెయ్యి వెచ్చబెట్టు.

డెంగీ సంగతి మరీ మరీ చెబుతున్నా. దేవరకొండ వైపు పిల్లగాడొకడు, జ్వరం దిగింది. "తోలుకపోతం సార్" అని ఇంటివాళ్లు నిలబడ్డరు. బీపీ 110/90. పై అంకె చూసి సరేనన్నా. పైకీ కిందికీ తేడా 20కి పడిపోయిందంటే రక్తంలోని నీరు పొర దాటి కారిపోతున్నట్టే, అది నా కళ్లముందే ఉంది, నేను చూడలేదు. గేటు దాటకముందే సిస్టర్ అతని చేతులు చల్లగా ఉన్నాయని వెనక్కి పిలిచింది, బతికాడు. అందరూ ప్లేట్‌లెట్లే అడుగుతారు, నువ్వు హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, అడుగు. మొదటిదానికన్నా 20 శాతం పెరిగితే పొర కారుతోందని అర్థం. అప్పుడు సెలైన్ లెక్కపెట్టి ఎక్కించి, గంటగంటకూ మళ్లీ చూడు. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

నీ మొదటి పది రీడింగులు, కుదరనివి కూడా ఏదీ కొట్టేయకుండా, నాకు పంపు. దసరాకు వచ్చినప్పుడు కూర్చుని చూద్దాం.

నీ పెదనాన్న