యాంటెన్నాని కాస్త జరిపితే సిగ్నల్ నిజంగా పెరుగుతుందా?

సిగ్నల్ బాగుండే చోటు కోసం యాంటెన్నాని మోటార్‌తో జరిపే పద్ధతి ఉంది కదా, నాలుగైదు సెంటీమీటర్లు జరిపితే ఏం ఒరుగుతుంది, దానికో మోటార్ కూడానా అని అడిగారు. ఒరుగుతుందండీ, కాకపోతే అన్నిచోట్లా కాదు.

నేను పాత త్రీడీ ప్రింటర్ రైలు మీద 2.4 గిగాహెర్ట్జ్ వైఫై యాంటెన్నా బిగించి, స్టెప్పర్ మోటార్‌తో (చిన్న చిన్న అంచెలుగా తిరిగే మోటార్) మిల్లీమీటర్ చొప్పున జరుపుతూ సిగ్నల్ లాగ్ చేశా. రౌటర్ పక్క గదిలో, మధ్యలో గోడ, ఇనప బీరువా. గ్రాఫ్ నిండా గుంతలే, కొన్నిచోట్ల 10 డీబీకి (డెసిబెల్స్) పైనే పడిపోయింది, అంటే పవర్ పదో వంతు కన్నా తగ్గిపోయినట్టు, అక్కణ్ణుంచి రెండు మూడు వేళ్ల వెడల్పు జరిపితే మళ్లీ మామూలే. సిగ్నల్ గోడలకీ బీరువాకీ తగిలి రకరకాల దారుల్లో వస్తుంది కదా, ఒకచోట అవన్నీ కలిసొస్తాయి, ఇంకోచోట ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. వైఫై ఒక్క ఫ్రీక్వెన్సీలో కాకుండా 20 మెగాహెర్ట్జ్ వెడల్పున పరుచుకుని ఉంటుంది కాబట్టి గుంతలు కొంత పూడిపోతాయి, ఒకే ఫ్రీక్వెన్సీ పంపితే ఇంకా లోతుగా ఉంటాయి. అన్నట్టు లాగ్ అయ్యేటప్పుడు గదిలో మీరు ఉండకూడదు, మనిషి అటూ ఇటూ కదిలినా గ్రాఫ్ మారిపోతుంది.

అదే రౌటర్ని ఆరుబయట ఎదురుగా పెట్టి చేస్తే గీత దాదాపు చదునుగా వచ్చింది. ఒకే దారి ఉన్నప్పుడు ఎంత జరిపినా దండగే.

2.4 గిగాహెర్ట్జ్‌లో వేవ్‌లెంగ్త్ (ఒక అల పొడవు) 12.5 సెంటీమీటర్లు, అందులో సగం జరిపితే చాలావరకు గుంత దాటేస్తారు. 28 గిగాహెర్ట్జ్‌లో ఆ సగం 5 మిల్లీమీటర్ల పైచిలుకే, అందుకే పై ఫ్రీక్వెన్సీల్లో ఈ జరిపే ఏర్పాటంతా చిన్న డబ్బాలో ఇమిడిపోతుంది. అసలు చిక్కు వేగంతోనే. ఫోన్ పట్టుకుని సెకనుకి మీటర్ నడిచే మనిషి 2.4 లో సగం వేవ్‌లెంగ్త్‌ని 60 మిల్లీసెకన్లలో దాటేస్తాడు, మోటార్ మంచి చోటు వెతికేలోపు ఆ చోటే మారిపోతుంది. అలాంటిచోట నాలుగు యాంటెన్నాలు పెట్టి స్విచ్‌తో మంచిదాన్ని ఎంచుకోవడమే నయం. మోటార్ లేకుండానే సిగ్నల్ అందుకునే చోటుని మార్చుకునే ఫ్లూయిడ్ యాంటెన్నాలు కూడా ఉన్నాయి, వాటిని లిక్విడ్ మెటల్‌తోనో, పిక్సెల్ స్విచ్‌లతోనో (చిన్న లోహపు ముక్కల్ని కలిపే, విడదీసే స్విచ్‌లు) చేస్తారు, పిక్సెల్ రకంలో అయితే కదిలే భాగమే ఉండదు.

మోటార్‌కి పని ఎక్కడంటే కదలని మెషీన్ల దగ్గర, గోడకి బిగించిన సెన్సార్ లాంటివి. అక్కడ నాకు నచ్చేది సిగ్నల్ పెరగడం కన్నా ఇంకోటి, మనకి అడ్డుపడే పక్కవాడి సిగ్నల్ (ఇంటర్‌ఫియరెన్స్) గుంతలో పడి మనది బాగుండే చోటు దొరకడం, ఒక్క రేడియోతోనే.

మోటార్ కొనే ముందు ఒక స్కేలు పక్కన పెట్టుకుని యాంటెన్నాని చేత్తోనే కొద్దికొద్దిగా జరిపి, ప్రతిసారీ దూరంగా వచ్చేసి రీడింగ్ తీసుకోండి. కనెక్టర్ దగ్గర కేబుల్ వంగకుండా కట్టేయండి, లేకపోతే లూజ్ కాంటాక్ట్ వల్ల సిగ్నల్ పడిపోతే దాన్నే ఫేడింగ్ (పైన చెప్పిన గుంత) అనుకుంటారు. రీడింగులన్నీ దాదాపు ఒకేలా, చదునుగా వస్తే మోటార్ జోలికి పోకండి, యాంటెన్నా ఎత్తు పెంచి చూడండి.