ముందు ఆ యాసిడ్ సీసా పక్కన పెట్టండి
ఇంటి మరమ్మతులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది విజయవాడ మొగల్రాజపురంలో ముప్ఫై ఏళ్లు దాటిన అపార్ట్‌మెంట్. రెండో అంతస్తు. వానాకాలం వస్తే చాలు, బాత్రూమ్ పైకప్పు మూలల్లోనూ టైల్స్‌కి పైనున్న గోడ మీదా నల్లగా బూజు పడుతోంది. పనమ్మాయి యాసిడ్ పోసి రుద్దితే కొన్నాళ్లు బాగుంటుంది, తర్వాత మళ్లీ మామూలే. బ్లీచింగ్ పౌడర్ కూడా వాడి చూశాం. మా పాపకి ఆయాసం ఉండటంతో టెన్షన్‌గా ఉంది. దసరాకి రంగులు వేయించమంటారా? పీవీసీ సీలింగ్ కొట్టిస్తే గొడవ వదిలిపోతుందని మా ఆడపడుచు అంటోంది.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, రంగులు, సీలింగ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ యాసిడ్ సీసా బాత్రూమ్‌లోంచి బయటికి తీయించండి. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఒకదానితో ఒకటి కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. చిన్న బాత్రూమ్‌లో తలుపేసుకుని రుద్దే పనమ్మాయికి అది నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంట్లో ఆయాసం ఉన్న పిల్ల ఉంది కూడా. ఒకటి పోసి సరిగ్గా కడక్కుండా రెండోది చల్లినా ప్రమాదమే. బజారులో దొరికే టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో ఉండేదీ హైడ్రోక్లోరిక్ యాసిడే. రంగు నీలంగా ఉందని మోసపోకండి.

యాసిడ్‌తో ఇంకో నష్టం ఉంది, అది మెల్లగా బయటపడుతుంది. టైల్ మెరుస్తుంది కానీ టైల్‌కీ టైల్‌కీ మధ్యనున్న వైట్ సిమెంట్‌ని యాసిడ్ తినేస్తుంది. పాత అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ స్లాబ్‌ని కిందికి దించి పోసి, ఆ గుంటలో పైపులు పరిచి, ఇటుక ముక్కలతో నింపి, పైన టైల్స్ వేసేవారు. సందుల్లోంచి దిగిన నీళ్లు ఆ ఇటుక ముక్కల్లో నెలల తరబడి నిలవుంటాయి. ఆ చెమ్మ కింది వాళ్ల పైకప్పులో తేలుతుంది. మీ పైకప్పు నలుపుకి పై అంతస్తులో వాడిన యాసిడ్ కారణం కావచ్చు, మీ కింది వాళ్ల నలుపుకి మీరు వాడిన యాసిడ్ కావచ్చు.

ఇక నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో తేల్చాలి. నల్ల మచ్చ ఆరిన చోట, అరచేతి కన్నా కాస్త పెద్ద పాలిథిన్ ముక్క పెట్టి నాలుగువైపులా టేపు గట్టిగా అంటించండి. ఒక రోజు తర్వాత చూడండి. చెమ్మ పాలిథిన్ పైన పడితే అది మీ స్నానాల ఆవిరి. లోపలివైపు పడితే గోడలోంచో స్లాబ్‌లోంచో వస్తోందన్నమాట. టైల్ మీద కాకుండా ప్లాస్టరింగ్ మీదే అంటించండి.

మీరు రాసినదాన్ని బట్టి మీ ఇంట్లో రెండూ ఉన్నాయని నా అనుమానం. వానాకాలంలోనే వస్తోందన్నారు కాబట్టి ఆవిరి వాటా పెద్దదే. బాత్రూమ్ గోడకి అవతలవైపు ఏసీ గది ఉందా? ఇది ఎవరూ అడగరు. మధ్యలోది నాలుగున్నర అంగుళాల గోడ అయితే రాత్రంతా ఏసీ 20 దగ్గర నడిచాక ఇవతలివైపు కూడా చల్లబడుతుంది. ఆగస్టులో మన కృష్ణాతీరపు గాలిలో తేమ ఎక్కువ, గోడ 24 డిగ్రీలకి దిగినా చాలు, పొద్దున వేడినీళ్ల స్నానం చేయగానే ఆ గోడే చెమటలు కక్కుతుంది. ఏసీ 26లో పెట్టి ఫ్యాన్ వేసుకోండి. తేడా మీకే తెలుస్తుంది.

వెంటిలేటర్ దగ్గరికి వద్దాం. పాత అపార్ట్‌మెంట్లలో అది ఆకాశంలోకి కాదు, ఫ్లాట్ల మధ్య నిలువునా వదిలిన ఇరుకు సందులోకి, అంటే డక్ట్‌లోకి తెరుచుకుంటుంది. పావురాలు వస్తున్నాయని డక్ట్ పైన రేకు వేసి మూసేసిన బిల్డింగులు గవర్నర్‌పేట, సత్యనారాయణపురం వైపు చాలా చూశాను. ఆ రేకు తీయించి వల వేయించమని అసోసియేషన్‌ని అడగండి. రేకు ఉన్నంతకాలం ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టినా మీ ఆవిరి ఎదురింటి వాళ్ల బాత్రూమ్‌కి, వాళ్లది మీకు మారుతుంటుంది, అంతే. ఫ్యాన్ పెడితే తలుపు కింద వేలు దూరేంత సందు ఉంచండి. గాలి లోపలికి వచ్చే దారి లేకపోతే ఫ్యాన్ చప్పుడు చేస్తుంది కానీ ఆవిరిని లాగలేదు. స్నానం అయ్యాక కూడా అరగంట తిరగనివ్వండి. తడి బట్టలు లోపల ఆరేయడం మాత్రం మానేయండి.

ఉన్న బూజు తీయడానికి సర్ఫ్ నీళ్లు, గట్టి బ్రష్ చాలు. అయితే మన పెయింటర్లకి పొడిగా గీకే అలవాటు ఉంది. అలా గీకితే బూజు గాలిలో లేచి ఇల్లంతా పరుచుకుంటుంది. ముందు నీళ్లు చల్లి తడిపి, ఎన్-95 మాస్కు, చేతులకి గ్లౌజులు వేసుకుని రుద్ది, తుడిచి, ఫ్యాన్ గాలికి ఆరబెట్టాలి. చచ్చిన బూజు కూడా ఆయాసం ఉన్నవాళ్లకి పడదు, కాబట్టి పూర్తిగా తుడిచెయ్యాలి. ఆ పూటకి పాపని అమ్మమ్మ గారింటికి పంపండి. గోడకి బూజు ఉందన్న సంగతి డాక్టర్‌కీ చెప్పండి. 10 చదరపు అడుగుల లోపు మచ్చయితే ఇంట్లోవాళ్లే శుభ్రం చేసుకోవచ్చని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్క. అంతకు మించితే పని తెలిసిన మనిషిని పిలవండి.

దసరాకి రంగులు వద్దు. వానలు పూర్తిగా వెనక్కి తగ్గకుండా తడి గోడకి పుట్టీ పెట్టి ఎమల్షన్ వేస్తే సంక్రాంతికి పెచ్చులు లేస్తాయి. ఫిబ్రవరి దాటాక వేయించండి. పీవీసీ సీలింగ్ గురించి మీ ఆడపడుచు గారికి కోపం రాకుండా చెప్పండి: అది కొట్టిస్తే మచ్చ కనపడదు, లీకూ కనపడదు. స్లాబ్ చువ్వలు తుప్పుపట్టి పెచ్చులు ఆ సీలింగ్ మీద పడేదాకా తెలియదు.

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. బాత్రూమ్ పైకప్పు ఏడాది పొడుగునా తడిగానే ఉండి నల్లబడుతోంది. పైన ఉండేది రిటైర్డ్ లెక్చరర్ గారు. ‘మా ఇంట్లో చుక్క కారడం లేదు, కావాలంటే వచ్చి చూసుకోండి’ అంటున్నారు. ఆయనతో ఎలా చెప్పాలో తెలియడం లేదు.

జవాబు: మాస్టారు చెప్పేది నిజమే అయ్యుంటుంది. ఆయన ఇంట్లో కారదు, ఆయన గచ్చు కిందే కారుతుంది. అందుకని వాదన పెట్టుకోకుండా పరీక్ష పెట్టమని అడగండి. ఆయన బాత్రూమ్ జాలీకి గుడ్డ కుక్కి, అంగుళం నీళ్లు నిలబెట్టి, గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి, ఒక రోజు వదిలెయ్యాలి. గడప పొర్లకుండా చూసుకోండి. ఆవిరయ్యే కాస్త పోను నీటిమట్టం బాగా దిగితే లోపం గచ్చులోనే. దిగకపోతే పైపులు చూడాలి. వాళ్లు పండక్కి ఊరెళ్లినప్పుడు మీ పైకప్పు ఆరితే అది వాడిన నీళ్లు పోయే పైపు. నాలుగు రోజులు ఇల్లు తాళం వేసి ఉన్నా తడి తగ్గకపోతే ఎప్పుడూ నీళ్లు నిండి ఉండే సప్లై పైపు. మీది పాతకాలం బిల్డింగ్ అయితే గోడలో ఉన్నవి జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపులే కావచ్చు, లోపల తుప్పుపట్టి చిల్లు పడుంటాయి. టెర్రస్ మీద ఆ లైన్ వాల్వ్ కట్టి చూస్తే ఇంకా ఖాయమవుతుంది. అయితే స్లాబ్‌లో నిలవున్న నీళ్లు దిగడానికి టైమ్ పడుతుంది, ఒక్క రోజులో తీర్పు చెప్పకండి.

గచ్చులోనే అని తేలితే, ముందు టైల్స్ సందులన్నీ గీకించి, నీళ్లు దిగనివ్వని ఎపాక్సీ గ్రౌట్ అనే పూడిక నింపించండి. చాలా ఇళ్లలో దాంతోనే ఆగుతుంది. ఆగకపోతే గచ్చు తవ్వి, ఇటుక ముక్కలు తీసి, వాటర్‌ప్రూఫింగ్ చేసి, టైల్స్ వేయకముందే మళ్లీ నీళ్లు నిలబెట్టి చూడాలి. కిందినుంచి మీ పైకప్పుకి ఏదో కెమికల్ పూస్తామని వచ్చేవాళ్లని మాత్రం పంపించెయ్యండి. నీళ్లని స్లాబ్‌లోనే బిగించి చువ్వల్ని తుప్పుపట్టించడానికి మీరు డబ్బులివ్వడం ఎందుకు?

ఖర్చు మాట పరీక్ష అయ్యాకే ఎత్తండి. పరీక్ష చూసేటప్పుడు అసోసియేషన్ సెక్రటరీని పిలిచి, ఫలితం మినిట్స్ పుస్తకంలో రాయించండి. మీ ఇద్దరిలో ఎవరి మాటకీ లోకువ రాదు.

ప్రశ్న: విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాట్ మాది. 2024 సెప్టెంబర్ బుడమేరు వరదలో నడుము లోతు నీళ్లు నిలిచాయి. ఇప్పటికీ బాత్రూమ్ పక్క గోడ కింది భాగంలో తెల్లటి బూజు పొంగుతోంది. మందేమైనా ఉందా?

జవాబు: ఆ తెల్లటిదాని మీద చెంచాడు నీళ్లు పోయండి. కరిగిపోతే అది ఉప్పు, బూజు కాదు. ఇటుక తాగిన నీళ్లు బయటికి వస్తూ లోపలి లవణాల్ని పైకి తెస్తున్నాయి. దానికి ఫంగస్ మందులు దండగ. పొడి బ్రష్‌తో దులిపి ఊడ్చి పారేయండి. కడిగితే ఆ ఉప్పే కరిగి మళ్లీ గోడలోకి పోతుంది. ఏళ్లు గడిచినా పొంగుతోందంటే వరద నీళ్లొక్కటే కాకపోవచ్చు, పక్కన బాత్రూమ్ పైపు కూడా చూపించండి. అది సరిగ్గా ఉంటే, వరద గీతకి అడుగు పైదాకా పాత ప్లాస్టరింగ్ చెక్కించేసి, వేసవంతా ఇటుకని అలాగే ఆరనిచ్చి, తర్వాత కొత్త ప్లాస్టరింగ్, దాని మీద సున్నం వేయించండి. గోడ ఆరకముందే టైల్స్ అంటించి మూసేద్దామంటారు మేస్త్రీలు. ఒప్పుకోకండి, చెమ్మ ఆ టైల్స్‌కి పైన తేలుతుంది.