తాతగారి పుస్తకం మీదే, మరి అందులోని బొమ్మ ఎవరిది?

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో కొత్త ఇల్లు కట్టుకున్నాం. హాలు గోడకు పాత పుస్తకాల్లోని బొమ్మలను అల్యూమినియం రేకుల మీద ముద్రించి పెట్టుకోవాలని ఉంది. అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల గురించి జేమ్స్ బర్జెస్ 1887లో తెచ్చిన పుస్తకం మా తాతగారి నుంచి మాకు వచ్చింది. అందులోంచి నాలుగు, పాత ‘చందమామ’ అట్టల మీది వపా (చిత్రకారుడు వడ్డాది పాపయ్య) గారి బొమ్మలు రెండు ఎంచుకున్నాం. కాపీరైట్ గొడవ వస్తే పూర్తి బాధ్యత మాదేనని రాసి సంతకం పెట్టమంటున్నారు దుకాణం వారు. విజయవాడలోని తన హోటల్‌కూ ఇవే కావాలంటున్నాడు మా బావమరిది. అసలు పుస్తకాన్ని అమెరికాలో ఉన్న మా అమ్మాయికి పంపే ఆలోచన కూడా ఉంది. చిక్కులేమైనా వస్తాయా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: పుస్తకం మీ బీరువాలో ఉన్నంత మాత్రాన బొమ్మ మీద హక్కు మీకు రాదు. అలాగని పాత బొమ్మ ప్రతిదానికీ భయపడనక్కర్లేదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, చిత్రకారుడి జీవితకాలంలో అచ్చయిన బొమ్మపై హక్కు ఆయన బతికినంత కాలం, పోయిన మరుసటి జనవరి 1 నుంచి మరో 60 ఏళ్లు ఉంటుంది. గీసినవారి పేరు తెలియకపోతే అచ్చయిన ఏడాదిని బట్టి 60 ఏళ్లు లెక్కిస్తారు. ప్రభుత్వ ప్రచురణలకూ అంతే.

బర్జెస్ 1916లో మరణించారు. ఆ పుస్తకం పురావస్తు శాఖ సర్వేలో భాగంగా వచ్చింది. బొమ్మలు ఆయనవన్నా, పేరు లేని చిత్రకారులవన్నా, ప్రభుత్వానివన్నా, ఏ లెక్కన చూసినా గడువు ఎప్పుడో తీరిపోయింది. ఆ నాలుగూ నిశ్చింతగా వేయించుకోండి. హోటల్‌లోనూ పెట్టుకోవచ్చు.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. పాత కాగితం మడత పెడితే విరిగిపోతుందని చాలామంది ఏదో వెబ్‌సైట్ నుంచి స్కాన్ దించుకుంటారు. ఉన్నది ఉన్నట్టు స్కాన్ చేసినవారికి కొత్తగా కాపీరైట్ పుట్టదని నా అభిప్రాయం. కొంతైనా సృజన ఉంటేనే హక్కు అని ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు 2007లో తేల్చింది. కానీ నలుపు తెలుపు బొమ్మకు ఎవరో ఈ మధ్య రంగులు అద్ది ఉంటే ఆ రంగుల పని వారిది కావచ్చు. పైగా వెబ్‌సైట్ షరతులకు మీరు ఒప్పుకుని దించుకుంటే అది ఒప్పందం కిందికి వస్తుంది. ఇంట్లో పుస్తకం పెట్టుకుని ఆ తలనొప్పి ఎందుకు? దాన్నే జాగ్రత్తగా ఫొటో తీయించండి.

వపా గారి సంగతి వేరు. వడ్డాది పాపయ్య గారు 1992లో కన్నుమూశారు. అంటే ఆయన బొమ్మలపై హక్కు 2052 డిసెంబరు దాకా సజీవం. ఆ హక్కు వారసులదా, పత్రిక యాజమాన్యానిదా అన్నది ఆనాటి ఒప్పందాలు చూస్తే గాని తేలదు. మీది కాదన్నది మాత్రం ఖాయం. ‘కాగితం మీద కాదు కదా, రేకు మీద కదా’ అన్న వాదన నిలవదు. వేడికి ఆవిరయ్యే సబ్లిమేషన్ సిరాతో ముందు కాగితం మీద అచ్చువేసి, పూత పూసిన రేకు మీద ఆ కాగితాన్ని పరిచి, దాదాపు 200 డిగ్రీల వేడితో నొక్కితే బొమ్మ పూతలోకి దిగుతుంది. ఏ రూపంలో తిరిగి తయారు చేసినా చట్టం దృష్టిలో అది నకలే.

అయితే సొంత వాడకానికి న్యాయబద్ధంగా వాడుకుంటే ఉల్లంఘన కాదని సెక్షన్ 52 చెబుతోంది. మీ హాల్లో ఒక్కో ప్రతి పెట్టుకుంటే ఆ రక్షణ కోరవచ్చు. బొమ్మ మూలన ఉన్న ‘వపా’ సంతకాన్ని మాత్రం కత్తిరించనివ్వకండి. రేకు కొలతకు సరిపోలేదని దుకాణాల్లో ముందుగా కోసేది ఆ మూలే. కర్తగా గుర్తింపు పొందడం చిత్రకారుడికి విడిగా ఉన్న హక్కు.

హోటల్‌కు ఆ రక్షణ అందదు. గోడ మీది బొమ్మ వ్యాపారానికి అలంకారమైనప్పుడు దాన్ని సొంత వాడకం అనలేం. తెలిసి ఉల్లంఘిస్తే సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. మీ బావమరిది గారు అనుమతి తెచ్చుకోవాలి, లేదా బర్జెస్ బొమ్మలతో సరిపెట్టుకోవాలి. నా మాట అడిగితే, బెజవాడ హోటల్‌కు జగ్గయ్యపేట శిల్పాలకు మించినవి ఏముంటాయి?

డబ్బు తీసుకుని అచ్చువేసేవారికి సెక్షన్ 52 మీకున్నంత అండ కాదు కాబట్టి దుకాణదారు భయంలో అర్థం ఉంది. కానీ పూర్తి బాధ్యత మీదేనన్న కాగితం మీద సంతకం పెట్టకండి. ఏ బొమ్మ ఏ పుస్తకంలోదో, అది ఇంటి వాడకానికేనని మీరే రాసివ్వండి. మీ ఫైలును ఇతరులకు అచ్చువేసి అమ్మబోమని వారి చేత కూడా రాయించుకోండి. ఆ ఫైలు దుకాణం కంప్యూటర్‌లో ఉండిపోతే వపా గారి బొమ్మలు ఎన్ని ఇళ్లకు చేరతాయో, ఆ తీగ లాగితే మొదట ఎవరి పేరు బయటికి వస్తుందో ఊహించుకోండి.

ఇక పుస్తకం. చారిత్రక విలువ ఉండి నూరేళ్లు దాటిన వస్తువులు 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువుల కిందికి రావచ్చు. అలాంటివాటిని వ్యక్తులు విదేశాలకు పంపడం నిషేధం. మీ పుస్తకం ఆ కోవలోకి రాదని భారత పురావస్తు శాఖ ధ్రువపత్రం ఇచ్చేదాకా పార్శిల్ కట్టవద్దు. బర్జెస్ బొమ్మల రేకులు మాత్రం ఎన్నయినా పంపుకోండి.